తెలివిమీరిన పరుపుల కొట్టు

ఆ ఉదయం పరుపులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా హోటల్ కట్టినవాళ్ళ మేనేజరు కొట్టుకి వస్తాడు. ఆయనకు పరుపులు చూపించాలి, కాఫీ ఇప్పించాలి, గదులన్నిటికీ సరిపడా ఆర్డరు రాయించుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదనుకున్నాడు. తనకొక బావమరిది ఉన్న సంగతి ఆ నిమిషంలో గుర్తులేదు.

నెల క్రితం దాకా ఆ కొట్టుకి ఒక తాళం, కొన్ని ట్యూబులైట్లు, వాటికి స్విచ్చులు ఉండేవి. స్విచ్చు వేస్తే లైటు వెలిగేది, తీస్తే ఆరేది. లోకంలో ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఉంటుందని పరుపులాయనకు ఎన్నడూ తోచలేదు. బావమరిదికి తోచింది. వాడు ఓ అట్టపెట్టె నిండా తెల్లటి గుండ్రటి పరికరాలు తెచ్చి గోడలకి, తలుపుకి, పైకప్పుకి బిగించాడు. అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట.

"అవి మాట్లాడుకుంటే మనకేంట్రా లాభం?" అన్నాడు పరుపులాయన.

"కరెంటు ఆదా బావా. మనిషి లేకపోతే లైట్లు అవే ఆరిపోతాయి. దొంగొస్తే అదే అరుస్తుంది. ఎవరు ఏ పరుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డారో కూడా లెక్క చెప్తుంది."

"నిలబడేవాడితో నాకేం పనిరా? పడుకుని చూసినవాడే కొంటాడు."

బావమరిది వినిపించుకోలేదు. పాత తాళం ఊడదీసి సంచీలో వేసుకున్నాడు. "ఈ రోజుల్లో తాళంచెవి జేబులో వేసుకు తిరిగేవాణ్ణి చూస్తే దొంగలు కూడా జాలిపడతారు బావా. ఇకనుంచి నీ ఫోనే తాళంచెవి. నీ మొహమే తాళంచెవి" అన్నాడు.

అప్పట్నుంచీ పరుపులాయన బతుకు మారిపోయింది. గల్లాపెట్టె దగ్గర కాస్త కదలకుండా కూర్చుంటే చాలు, కొట్లో ఎవరూ లేరనుకుని లైట్లు ఆరిపోయేవి. ఈగలు తోలుకున్నట్టు చెయ్యి ఊపితే మళ్ళీ వెలిగేవి. దారినపోయేవాళ్ళు తమనే పలకరిస్తున్నాడనుకుని తిరిగి చేతులు ఊపేవారు. కరెంటు బిల్లు తగ్గిన మాట నిజమే. భుజానికి రాసుకునే నొప్పుల మందు ఖర్చు పెరిగిన మాటా నిజమే.

ఇక ఆ ఉదయం సంగతి. పెద్ద బేరం కదా, మనిషి కూడా పెద్దమనిషిలా కనబడాలని పరుపులాయన తెల్లారగానే సెలూన్‌కి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి పెంచుకున్న గుబురు మీసాన్ని నున్నగా తీయించుకుని, నెరిసిన జుట్టుకి నల్లగా రంగు వేయించుకుని వచ్చాడు. భార్య ఎగాదిగా చూసింది.

"ఎవరికోసం ఈ సింగారం?"

"హోటల్ మేనేజరు వస్తున్నాడే."

"సరే, మా అమ్మని కూడా తీసుకెళ్ళండి. వచ్చిన దగ్గర్నుంచీ నడుం నొప్పని మూలుగుతోంది. కొట్టునిండా పరుపులు పెట్టుకుని అత్తగారికి ఒక్క మంచి పరుపు ఇవ్వలేదంటే నలుగురూ నవ్వుతారు."

"ఇవాళ వద్దు. ఆయన ఉండగా..."

"ఆయనుంటే ఏం? మా అమ్మ ఆయన్ని కరుస్తుందా?"

ఈ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా ప్రమాదమే కనుక పరుపులాయన మాట్లాడకుండా అత్తగారిని స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. దారిలో ఉండగానే బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, రాత్రి మన కొట్టుకి కొత్త తెలివి ఎక్కించాను. ఇక నువ్వేమీ నొక్కక్కర్లేదు. అదే నేర్చుకుంటుంది, అదే నిర్ణయాలు తీసుకుంటుంది."

"ఒరేయ్, ఇవాళొక్కరోజు దాని నిర్ణయాలు దాన్ని దాచుకోమను."

"నువ్వు మరీ పాతకాలం మనిషివి బావా" అని వాడు పెట్టేశాడు.

"నా కొడుక్కి చిన్నప్పట్నుంచీ అన్నీ తెలుసు" అంది వెనక కూర్చున్న అత్తగారు, గర్వంగా.

తలుపు ఫోన్ చూపించగానే తెరుచుకుంది. లైట్లు వెలిగాయి. అత్తగారు ఒక్కో పరుపు మీదా కూర్చుని తీర్పులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకటి గట్టిగా ఉందంది. ఒకటి జారుతోందంది. ఇంకోదాని గుడ్డ మీద పువ్వులు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. చివరికి వీధివైపు అద్దాల పక్కనున్న పెద్ద పరుపు మీద వెల్లకిలా పడుకుంది. అది కొట్లో అన్నిటికంటే ఖరీదైనది. బటన్ నొక్కితే తలవైపు లేచే మోటారు మంచం మీద వేసి ఉంది. మేనేజరుకి చూపించాలని పరుపులాయన ముందురోజే దుప్పటి మార్పించింది దానికే.

"అత్తయ్యగారూ, అది... కాస్త ఆ మూల దానిమీద..."

ఇంతలో మేనేజరు ఫోన్ చేశాడు. వీధి మొదట్లో కారు ఆపుకున్నాడట, కొట్టు ఎటో తెలియడం లేదట, పైగా ఆయనకు ఇంకోచోట పనుందట.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, ఆయన్ని తీసుకొచ్చేస్తాను. అప్పటిదాకా కదలకండి, ఏమీ ముట్టుకోకండి" అని పరుపులాయన బయటికి పరిగెత్తాడు.

ఆ మాటే కొంప ముంచింది. అత్తగారు నిజంగానే కదలలేదు.

కొట్టు ఆలోచించింది. యజమాని ఫోన్ వీధి మొదటికి వెళ్ళిపోయింది. లోపల కదలిక లేదు. అంటే ఎవరూ లేరు. ఎవరూ లేకపోతే లైట్లు దండగ, ఏసీ దండగ, తెరిచిన తలుపు ప్రమాదం. దానికి లెక్కలన్నీ వచ్చు గానీ, అత్తగారు అనే ప్రాణి ఒకటుంటుందని దానికెవరూ చెప్పలేదు. లైట్లు ఆర్పింది, ఏసీ ఆపింది, తలుపుకి గడియ వేసింది, దొంగలకోసం కాపు కాస్తూ కూర్చుంది.

పరుపులాయన మేనేజరుని వెంటబెట్టుకుని, "మాది నమ్మకమైన కొట్టండీ, అంతా ఆధునికం" అని చెప్పుకుంటూ వచ్చి తలుపు తోశాడు. అది రాలేదు. ఫోన్ చూపించాడు. "భద్రత కోసం మీ ముఖం చూపండి" అని రాసింది ఫోన్. ముఖం చూపించాడు.

"మీరెవరో గుర్తించలేకపోతున్నాను" అంది తలుపు, చాలా మర్యాదగా.

పరుపులాయన నవ్వాడు. మళ్ళీ చూపించాడు. గుర్తించలేదు. పైపెదవి మీద వేలు అడ్డంగా పెట్టి, పాత మీసం ఉన్నట్టు నటిస్తూ చూపించాడు. తలుపు ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత పైనున్న సైరన్ వీధి అదిరేలా కూత పెట్టింది. దాని మధ్యలో ఓ ఆడగొంతు ప్రకటించింది: "అపరిచితులు చొరబడుతున్నారు. వెనక్కి తగ్గండి!"

మేనేజరు అందరికంటే ముందు వెనక్కి తగ్గాడు. "ఇది మీ కొట్టేనా?" అన్నాడు.

"నాదేనండీ! నా సొంతం!"

ఫోన్ మోగింది. ఆ పరికరాలని దూరంనుంచి కనిపెట్టి చూసే భద్రతా సంస్థ నుంచి ఓ అమ్మాయి.

"సార్, కంగారుపడకండి. మీ కొట్టు ముందు ఒక దొంగ ఉన్నాడు. ఫొటో పంపాను చూడండి."

పరుపులాయన చూశాడు. "అది నేనేనమ్మా!"

"కాదు సార్. మీ ఫొటో మా దగ్గరుంది. మీకు మీసం ఉంటుంది. ఇతను ఎవరో మోసగాడిలా ఉన్నాడు."

"మీసం తీయించుకున్నానమ్మా తల్లీ!"

"అతని దగ్గరికి వెళ్ళకండి సార్, ప్రమాదం. పక్కన టై కట్టుకున్న మనిషి ఇంకొకడున్నాడు. ముఠా నాయకుడు అతనే అయ్యుండాలి. పోలీసులకి చెప్పేశాం."

ఆ మాటలు పక్కనున్న మేనేజరుకి వినబడ్డాయి. ఆయన టై సర్దుకోబోయి ఆగిపోయాడు.

జనం పోగయ్యారు. అద్దంలోంచి లోపలికి తొంగిచూసినవాళ్ళకి చీకట్లో ఓ పరుపు మీద ముసలావిడ కదలకుండా పడి ఉండటం కనిపించింది. "లోపల మనిషి!" అన్నాడొకడు. "ఎవరు?" అంటే, "మా అత్తగారు" అని పరుపులాయన నిజం చెప్పాడు. ఆ ఒక్క నిజం జనంలో పడి వీధి అవతలికి చేరేసరికి, అల్లుడు అత్తగారిని కొట్లో పెట్టి తాళం వేశాడని, ఆస్తి కోసమని, టై కట్టుకున్నాయన లాయరని తేలింది.

హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. "ఈ కొట్టు ఎవరిది?"

"నాదేనండీ. కావాలంటే లోపల గోడమీద నా ఫొటో ఉంది చూడండి."

హెడ్డు అద్దానికి కళ్ళు ఆనించి, గుబురు మీసాల, నెరిసిన జుట్టు ఫొటోని, పక్కనున్న మనిషిని మార్చి మార్చి చూశాడు. "మీ నాన్నగారా?" అన్నాడు.

పరుపులాయనకి ఏడుపు ఒక్కటే తక్కువైంది. బావమరిదికి ఫోన్ చేసి, "ఒరేయ్, మీ అమ్మ లోపలుంది, తలుపు తియ్యరా!" అని అరిచాడు.

"అమ్మా? అమ్మెందుకుంది అక్కడ? సరే సరే, నువ్వేం ముట్టుకోకు బావా, ఇక్కడినుంచే చేసేస్తా."

వాడు అక్కడినుంచి చేయడం మొదలుపెట్టాడు. ముందు కొట్లో లైట్లన్నీ వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. ఏసీ గర్జించింది. కర్టెన్లు దిగాయి, మళ్ళీ లేచాయి. ఆ తర్వాత అద్దాల పక్కనున్న మంచం చిన్నగా మూలిగి, తలవైపు నుంచి లేవసాగింది. కళ్ళు మూసుకుని, చేతులు పొట్టమీద పెట్టుకున్న అత్తగారు పరుపుతో సహా మెల్లమెల్లగా లేచి, జనానికి ఎదురుగా కూర్చుంది.

జనం ఒక్కసారిగా అడుగు వెనక్కి వేశారు. ఎవరో "ప్రాణం ఉందా?" అన్నారు.

"మైకు పెట్టాను బావా, అమ్మ పలుకుతుందేమో చూడు" అన్నాడు బావమరిది.

తలుపు మీది స్పీకరు గరగరలాడింది. దానిలోంచి, సైరన్ కూతని తోసుకుంటూ, నిండైన గురక వీధిలోకి వచ్చింది. మంచం మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది. గురక తాళం తప్పలేదు.

సరిగ్గా అప్పుడే భద్రతా సంస్థ అమ్మాయి, ఈసారి తలుపు స్పీకరులోంచి, మళ్ళీ పలికింది. "సార్, మీరే యజమాని అయితే రహస్య ప్రశ్నకి జవాబు చెప్పండి. తలుపు తెరుచుకుంటుంది. మీకు ఈ లోకంలో అందరికంటే ఇష్టమైన వ్యక్తి ఎవరు?"

"ఇదేం ప్రశ్నమ్మా? మా అమ్మ."

"తప్పు సార్."

"అయితే మా ఆవిడ."

"తప్పు సార్. ఇంకొక్క అవకాశం ఉంది. అది కూడా తప్పితే రేపటిదాకా తెరుచుకోదు."

"అంటే మా ఆవిడ కాదా!" అని పరుపులాయన నెత్తి కొట్టుకుంటూ అరిచాడు.

"కాదన్నమాట!" అని వెనకనుంచి ఓ గొంతు వినబడింది. భార్య. కొట్లో దొంగలు పడ్డారని ఆమె ఫోన్‌కి కూడా కబురు వెళ్ళిందిట, ఆటో దిగి వస్తోంది. "ఇంతమందిలో నిలబడి మా ఆవిడ కాదు అని కేకలేస్తున్నారా? మరెవరు? ఆ మీసం ఎవరికోసం తీయించుకున్నారో ఇప్పుడు తెలిసింది!" అంటూనే అద్దంలోంచి లోపలికి చూసింది. "అమ్మా! మా అమ్మని ఏం చేశారు?"

"నేనేం చేయలేదే! అంతా నీ తమ్ముడు..."

"వాణ్ణంటారేం? వాడు పాపం ఊళ్ళోనే లేడు!"

జనం పరుపులాయన వంక చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. హెడ్డు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పరుపులాయన రెండో చేత్తో ఫోన్ చెవికి నొక్కుకున్నాడు.

"ఒరేయ్, ఆ ప్రశ్నకి నువ్వు పెట్టిన జవాబేంట్రా?"

"నీకు నేనంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు కదా బావా" అన్నాడు బావమరిది, సిగ్గుపడుతూ.

పరుపులాయన కళ్ళు మూసుకున్నాడు. భార్యని చూడలేదు, మేనేజరుని చూడలేదు. తలుపు దగ్గర నోరు పెట్టి, "నా బావమరిది" అని గొణిగాడు.

"వినబడలేదు సార్. శబ్దంగా ఉంది. పూర్తి వాక్యం చెప్పండి" అంది అమ్మాయి.

"నాకు ఈ లోకంలో అందరికంటే ఇష్టమైనవాడు నా బావమరిది!" అని పరుపులాయన గొంతు చించుకుని అరిచాడు.

సైరన్ ఆగిపోయింది. లైట్లు నిదానంగా వెలిగాయి. "సరైన జవాబు. స్వాగతం" అంటూ తలుపు తెరుచుకుంది. హెడ్డు మోచెయ్యి వదిలేశాడు. ఆ మాట పైకి అనాలంటే ఎంత అవసరం వచ్చి ఉండాలో ఆయనకీ తెలుసు, ఆయనకీ ఇంట్లో ఒకడున్నాడు.

భార్య లోపలికి పరిగెత్తి తల్లిని కుదిపింది. అత్తగారు కళ్ళు తెరిచి, తలుపు నిండా మూగిన జనాన్ని చూసి, తీరిగ్గా ఆవలించింది.

"అప్పుడే వచ్చేశారా అల్లుడుగారూ? కళ్ళిలా మూశానో లేదో, హాయిగా పట్టేసింది. ఎవరో దూరంగా పిలిచినట్టనిపించిందిలే."

పరుపులాయన మేనేజరు వైపు తిరిగాడు. బేరం నీళ్ళపాలైనట్టే కనుక మిగిలింది క్షమాపణే. "క్షమించండి సార్. మీ పొద్దంతా పాడుచేశాను. ముఠా నాయకుడన్న మాట మాత్రం నాది కాదు."

మేనేజరు ఆయన మాట వినడం లేదు. పరుపు అంచు పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"మా హోటల్ రైల్వేస్టేషన్ ఎదురుగా కట్టారు" అన్నాడు మెల్లగా. "రాత్రంతా బళ్ళు కూస్తూనే ఉంటాయి. ఎవరికి నిద్రపడుతుందని మా వాళ్ళు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. ఇంత సైరన్‌లో, ఈ లైట్లలో, మంచం లేపి కూర్చోబెడుతుంటే కూడా గురక ఆగలేదే! ఇదే పరుపు, అన్ని గదులకీ ఇదే కావాలి. రాసుకోండి."

పరుపులాయనకి కాసేపు పెన్ను ఎక్కడుందో తెలియలేదు. చివరికి హెడ్డు తన జేబులోది తీసి ఇచ్చాడు. ఇచ్చి, తనకీ ఒకటి పక్కన పెట్టమన్నాడు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోవాల్సి వస్తుందని. ఆస్తి తగాదా అన్నవాళ్ళలో ఇద్దరు కూడా పరుపు నొక్కి చూసి వెళ్ళారు.

అందరూ సర్దుకున్నాక బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. "బావా, నువ్వన్న మాట రికార్డయింది. చుట్టాలందరికీ పంపాను. అందరూ ఏడ్చేశారు. ఇంటికి కూడా ఈ పరికరాలు ఎప్పుడు పెట్టమంటావ్?"

పరుపులాయన ఫోన్ కట్టేశాడు. భార్య మాట్లాడటం మానేసింది. ఆ మౌనానికి కారణం అమ్మో, మీసమో, ప్రశ్నో తెలియక ఆమె వంక చూడకుండా, అత్తగారి పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాడు.

"మీ రుణం తీర్చుకోలేను అత్తయ్యగారూ. ఏం నిద్రండీ మీది! అంత కూతలో ఎలా పట్టింది?"

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నిద్రా నా మొహమా? ఆ కూతకి పాతిపెట్టినవాడు కూడా లేచొస్తాడు. మొదటి కూతకే లేవబోయాను. అద్దంలోంచి ఆ టై ఆయన వెళ్ళిపోబోతూ నా వంకే చూసి ఆగాడు. సరే, చూడనీ అని కళ్ళు మూసుకున్నాను. పోయేదేముంది?"

పరుపులాయన నోరు తెరిచాడు. "మరి గురక?"

"మీ మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయన గురక పక్కనే విన్నాను. ఆమాత్రం పెట్టలేనా?"

"మంచం లేచినప్పుడు?"

"అప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. కానీ మధ్యలో మానేస్తే పరువు పోదూ? నా కొడుకు ఏదో ఒకటి చేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. వాడికి చిన్నప్పట్నుంచీ ఒక్కటీ సరిగ్గా రాదు."

పొద్దుటినుంచీ మొదటిసారిగా పరుపులాయనకి గుండె నిండింది. ఇన్నేళ్ళలో అత్తగారితో ఇంత ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు. కళ్ళు తుడుచుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ పరుపు ఇంటికి పంపిస్తానండీ. మీకే. కాదనకండి."

"అయ్యో వద్దు నాయనా" అంది అత్తగారు ఆయన భుజం ఊతంగా పట్టుకుని, పళ్ళు బిగించి, మెల్లగా లేస్తూ. "సగం సేపు నేను లేవకపోవడం మీ బేరం కోసం కాదు, ఇందులో నడుం పట్టేసి లేవలేక."